చివరి ఇంజెక్షన్ ఇంట్లోనే ఇప్పించాలంటే

ప్రశ్న: మా లాబ్రడార్‌కి 13 ఏళ్లు. ఎముక క్యాన్సర్ ముదిరింది, లేచి నిలబడలేకపోతోంది. ఆస్పత్రి గుమ్మం చూస్తేనే వణికిపోతుంది కనుక ఇంటికే వచ్చి కారుణ్య మరణం ఇస్తామని డాక్టరు గారు చెప్పారు. ఆ పూట ఏం జరుగుతుంది? దానికి నొప్పి తెలుస్తుందా?

జవాబు: సాధారణంగా దానికి తెలిసేది ఒక్క సూది పోటే, అదీ మొదటిది. ఇచ్చేవి రెండు మందులు. మొదటిది మత్తు. చర్మం కిందో, తొడ కండరంలోనో ఇస్తారు. కొన్ని మందులు చురుక్కుమనిపిస్తాయి కాబట్టి ఒక్కసారి ఉలిక్కిపడవచ్చు. 5 నుంచి 15 నిమిషాల్లో తల వాల్చేస్తుంది. బెదిరిన కుక్కకు మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది. అందుకే ఆ గదిలో దానికి బాగా అలవాటైన ఇద్దరు ముగ్గురే ఉండండి. కొన్ని మత్తుమందులు వాంతి తెప్పిస్తాయి, కాబట్టి ఇష్టమైనది పెట్టాలనిపిస్తే నాలుగు ముద్దలతో ఆపండి. మాట్లాడాల్సిందంతా మత్తుకు ముందే మాట్లాడుకోండి.

అది గాఢ మత్తులోకి జారాక రెండోది, పెంటోబార్బిటాల్. ఇదీ మత్తుమందే, మోతాదు మాత్రం చాలా ఎక్కువ. కాలి మీద కాస్త జుట్టు గొరిగి, నరంలోకి (వాడుకలో నరం అంటాం గానీ అది సిర) క్యాన్యులా (సన్నని గొట్టం) పెట్టి ఎక్కిస్తారు. వెనక కాలికి పెట్టమని అడగండి, తల మీ ఒళ్లోనే ఉంచుకోవచ్చు. ముందు స్పృహ పూర్తిగా పోతుంది, తర్వాత ఊపిరి, ఆ వెనక గుండె ఆగుతాయి. చాలాసార్లు ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని. డాక్టరు స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు లేదని తేల్చుకున్నాకే ‘అయిపోయింది’ అంటారు.

ముందే తెలియకపోతే మనసు చెదిరిపోయే సంగతులు కొన్నున్నాయి. కళ్లు మూసుకోవు, తెరుచుకునే ఉంటాయి. గుండె ఆగాక కూడా ఒకటి రెండుసార్లు ఎగశ్వాసలా రావచ్చు, పెదవో కాలో అదరవచ్చు. ప్రాణం మిగిలి ఉండి కాదు, కండరాలు వాటంతటవే కదులుతాయి. మూత్రం, మలం జారిపోవచ్చు. పరుపు మీద ప్లాస్టిక్ షీటు వేసి, దానిపైన అది రోజూ పడుకునే దుప్పటి పరవండి.

ఎక్కువగా ఇబ్బంది వచ్చేది నరం దొరకడం దగ్గరే. ఒంట్లో నీరు తగ్గి, బీపీ పడిపోయిన జంతువుకి నరాలు లోపలికి అణిగిపోతాయి. రెండు మూడు చోట్ల గుచ్చాల్సి రావచ్చు. ముందు మత్తు తప్పనిసరి అని మేం పట్టుబట్టేది ఇందుకే. ఫోనులోనే అడగండి: ‘ముందు మత్తు ఇస్తారా?’ బరువెంతో, ఏ మందులు వాడుతున్నారో కూడా అప్పుడే చెప్పండి. గదిలో వెలుతురు బాగా ఉండాలి.

ప్రశ్న: 16 ఏళ్ల పిల్లి, కిడ్నీలు పాడయ్యాయి. సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది? అంతగా అయితే మా నిద్రమాత్రలే ఇవ్వవచ్చా?

జవాబు: మాత్రల ఆలోచన ఈ క్షణమే మానేయండి. మనుషుల మందులతో చావు నెమ్మదిగా, వాంతులతో, ఆయాసంతో వస్తుంది. ఒక్కోసారి చావూ రాదు, బాధే మిగులుతుంది. పారాసిటమాల్ అయితే పిల్లి రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది.

సమయం తేల్చుకోవడానికి అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలలోబోస్ రూపొందించిన కొలమానం ఉంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉల్లాసం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది: ఈ 7 అంశాలకూ పదేసి మార్కులు. పది అంటే ఆ విషయంలో ఏ ఇబ్బందీ లేదని. మొత్తం 35 దాటితే సాకుతూ ఉండవచ్చు. ఇంట్లో ఎవరికి వారు విడిగా వేసి పోల్చుకోండి. గుర్‌మంటోంది కదా, బాగానే ఉందనుకోవద్దు, పిల్లులు బాధలోనూ గుర్‌మంటాయి. ఒళ్లు నాక్కోవడం మానేసి, బొచ్చు అట్టలు కట్టి, నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసుకుని కూర్చుంటే ఇక వాయిదా వేయకండి. ఊపిరాడని అర్ధరాత్రి దాకా ఆగితే ఇంట్లో ప్రశాంతంగా పంపే వీలు ఉండదు. పిల్లికి నరం దొరక్కపోతే మత్తులో ఉండగా పెంటోబార్బిటాల్‌ను పొట్టలోకి సూదితో ఇస్తారు. దానికి పావుగంటో, ఇంకా ఎక్కువో పట్టవచ్చు, కంగారుపడకండి.

ప్రశ్న: తర్వాత పెరట్లో పాతిపెట్టవచ్చా? ఇంకో కుక్క, ఐదేళ్ల పాప ఉన్నారు.

జవాబు: మీ ప్రాంతపు నిబంధనలు ఒప్పుకుంటేనే. పెంటోబార్బిటాల్ శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది, తవ్వి తిన్న జంతువు కూడా చచ్చిపోవచ్చు. నాలుగడుగుల లోతు తవ్వండి, బావికీ నీటి పైపులకూ దూరంగా. నూలు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ వద్దు. రెండు మూడు గంటల్లో శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది కాబట్టి కాళ్లు ముందే ముడిచి, పడుకున్నట్టు సర్దండి.

రెండో కుక్కను దగ్గరకు రానివ్వండి. వాసన చూసి అదే పక్కకు వెళ్తుంది, చూడకపోతే కొన్ని రోజులు ఇల్లంతా వెతకవచ్చు. పాపతో ‘నిద్రపుచ్చాం’ అనకండి, రాత్రి తనను పడుకోబెట్టబోతే భయపడుతుంది. ‘చచ్చిపోయింది, ఇక రాదు, దానికి ఇప్పుడు నొప్పి లేదు’ అని చెప్పండి. మళ్లీ మళ్లీ అడుగుతుంది, అడిగిన ప్రతిసారీ అదే చెప్పండి.