చించిల్లా పెంపకం: ఉక్కపోత సీమలో ఆరోగ్య జాగ్రత్తలు

చించిల్లాలు (ఎలుకల వర్గానికి చెందిన, దట్టమైన బొచ్చున్న చిన్న పెంపుడు జంతువులు) పెంచుతున్నవాళ్లు, పెంచాలనుకుంటున్నవాళ్లు ఉభయగోదావరి, కోనసీమ ప్రాంతాల నుంచి రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్ నుంచి చించిల్లాను తెచ్చాడండి. పగలు ఏసీ వేస్తున్నాం, రాత్రి చల్లబడ్డాక ఫ్యాను సరిపెడుతున్నాం. కొన్నాళ్లకు మన వాతావరణానికి అదే అలవాటు పడుతుందని ఇచ్చినవాళ్లు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అలవాటు పడదండి. ఆ మాట నమ్మితే వేసవి దాటేలోగా జంతువు చేతికి దక్కదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడ రాత్రిళ్లు చలి, గాలి పొడి. ఆ చలికి తగ్గట్టు ఒక్కో రోమకూపం నుంచి యాభైకి పైగా వెంట్రుకలు మొలుస్తాయి. దీనికి చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి ముఖ్యంగా ఆ పెద్ద చెవులే. 1923లో చాప్‌మన్ అనే గని ఇంజనీరు చిలీ నుంచి 11 చించిల్లాలను కాలిఫోర్నియాకు తీసుకెళ్లాడు. ఇప్పుడు ఇళ్లలో పెరుగుతున్నవాటిలో ఎక్కువ భాగం వాటి సంతతే. నూరేళ్లుగా మనుషుల మధ్య పెరుగుతున్నా వేడిని ఓర్చుకునే గుణం వాటికి రాలేదు.

గది 16 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. 25 దాటితే ప్రమాదం మొదలైనట్టే. మన డెల్టాలో ఎండ ఒక్కటే కాదు, తేమతోనూ పోరు. పెంపకందార్లు వాడే లెక్క ఒకటుంది: ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో తీసుకుని, గాలిలో తేమ శాతాన్ని కలపాలి. మొత్తం 150కి బాగా లోపల ఉండాలి. శ్రావణ మాసంలో ఫ్యాను కింద గది 32 డిగ్రీలుందనుకోండి, ఫారెన్‌హీట్‌లో అది 90. తేమ 80 శాతం. మొత్తం 170. ఏసీ వేసి 20 డిగ్రీలకు దించితే 68, తేమ 55కి తగ్గితే మొత్తం 123. తేడా చూశారుగా.

రాత్రి ఫ్యాను ఎందుకు చాలదంటే, ఫ్యాను గాలి మనకు చల్లగా తగిలేది మన ఒంటి చెమట ఆరుతుంది కాబట్టి. చెమటే లేనిదానికి ఫ్యాను వేడిగాలిని అటూ ఇటూ తిప్పుతుందంతే. పైగా మన దగ్గర రాత్రిళ్లు తేమ ఇంకా పెరుగుతుంది, చించిల్లా ఎగిరి దూకి ఆడేది ఆ వేళలోనే. నీళ్ల కూలరు జోలికి అసలు వెళ్లకండి, అది గదిలో తేమను పెంచుతుంది.

ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనండి. దాన్ని గోడ మీద పైన కాకుండా బోను ఎత్తులో పెట్టండి. ఏసీ గాలి సూటిగా బోను మీద పడకూడదు. కాలువ వైపు కిటికీ ఉంటే మూసి ఉంచండి. వానాకాలంలో గది చల్లబడినా మీటరులో తేమ 60 దాటితే ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. ధనుర్మాసంలో రాత్రిళ్ల చలికి ఏసీ ఆపొచ్చు కానీ పొగమంచు రోజుల్లో మీటరు చూడకుండా ఆపొద్దు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. వేసవిలోనూ వానాకాలంలోనూ రేయింబవళ్లు ఏసీ నడిపే స్తోమత, వీలు లేనివాళ్లు ఈ జంతువును తెచ్చుకోకపోవడమే దానికి చేసే మేలు. ఇది పదిహేను, ఇరవై ఏళ్లు కూడా బతికే ప్రాణి. ఒక్క వేసవి గట్టెక్కిస్తే చాలదు.

ప్రశ్న: తుఫానులొస్తే మాకు గంటల తరబడి కరెంటుండదు. మా ఇన్వర్టరు మీద ఏసీ నడవదు. అప్పుడెలాగండి?
– అమలాపురం పాఠకుడు

జవాబు: కరెంటు పోయాక వెతుక్కోవడం కుదరదు, ముందే సిద్ధం చేసుకోవాలి. బోనులో అడుగు పొడవు, అడుగు వెడల్పు గల గ్రానైటు పలకలు రెండు ఎప్పుడూ ఉంచండి. పదునైన అంచులు అరగదీయించండి. ఏసీ గదిలో చల్లబడిన రాయి కరెంటు పోయాక కూడా కొంతసేపు చల్లగానే ఉంటుంది, చించిల్లా దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. ఫ్రీజరులో లీటరు నీళ్ల సీసాలు నాలుగు గడ్డకట్టించి ఉంచండి. రెండు సీసాలకు గుడ్డ చుట్టి బోను బయట, చువ్వలకు ఆనించి పెట్టండి, ఇవి కరిగేసరికి మిగతా రెండూ వాడొచ్చు. రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపుకుంటే ఇంకా ఎక్కువసేపు వస్తుంది. మన ప్రాంతంలో ఐసు ఫ్యాక్టరీలకు కొదవ లేదు కదా. ఆ పెట్టెను మాత్రం దాని పంటికి అందనివ్వకండి. థర్మోకోల్ మింగితే పేగులో అడ్డుపడుతుంది. పై అంతస్తులో ఉంటే కింద గదిలోకి మార్చండి, తలుపులు పదేపదే తీయకండి.

చెవులు ఎర్రబడి నరాలు ఉబ్బి కనిపించడం, నోరు తెరిచి రొప్పడం, చొంగ కారడం, పక్కకు వాలిపోవడం – ఇవి వడదెబ్బ గుర్తులు. వెంటనే చల్లటి చోటికి చేర్చి, మామూలు చల్లదనం ఉన్న నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో చెవులు, పాదాలు అద్దండి. ఐసు నీళ్లలో ముంచకండి. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. అదే తాగితే నీళ్లు ఇవ్వండి, స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో పోయొద్దు. చెవుల ఎరుపు తగ్గి లేచి తిరిగినా సరే డాక్టరుకు చూపించాల్సిందే. లోపలి అవయవాలకు తగిలిన దెబ్బ కొన్ని గంటల తర్వాతే బయటపడుతుంది.

ప్రశ్న: పెరట్లో గడ్డివాము ఉంది. కొనుక్కొచ్చే తిమోతి గడ్డి బదులు వరిగడ్డి వేయవచ్చా? పెల్లెట్లు (గుళికల మేత) అయిపోతే కోళ్ల దాణా పెట్టవచ్చా?
– తణుకు

జవాబు: రెండూ వద్దండి. వరిగడ్డిలో ఇసుక గుణం ఎక్కువ, పోషణ తక్కువ. అదీగాక మన వాముల్లో వాన తగిలిన గడ్డికి లోపల బూజు పట్టి ఉంటుంది, అది పైకి కనిపించదు. కోళ్ల దాణాలో పిండి పదార్థం ఎక్కువ, కొన్ని దాణాల్లో కలిపే మందులు వీటికి విషం.

స్థానికంగా ఏదైనా కావాలంటే గరిక మంచిది. పురుగుమందు, కలుపుమందు కొట్టిన చేలగట్ల మీది గరిక మాత్రం తేకండి, అంటే చాలా గట్లు పనికిరావన్నమాటే. మీ పెరట్లో మందు తగలని గరికను మాఘ, ఫాల్గుణ మాసాల్లో కోసి, గుడ్డ మీద పలచగా పరిచి రెండు మూడు రోజులు ఎండబెట్టండి. కాడ వంచితే పుటుక్కున విరగాలి, రంగు పచ్చగానే ఉండాలి, వాసన కమ్మగా రావాలి. చెమ్మ మిగిలితే బూజు పడుతుంది. వానాకాలంలో ఎండబెట్టే ప్రయత్నమే వద్దు. పచ్చి గరిక ఒక్కసారిగా ఎక్కువ వేస్తే పొట్ట ఉబ్బుతుంది.

కొన్న ఎండుగడ్డిని కూడా నెలకు సరిపడా మాత్రమే తెచ్చి, నూలు సంచిలో పోసి ఏసీ గదిలోనే ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వంటింట్లో పెడితే లోపల చెమ్మ పట్టి వారంలో ముక్క వాసన వేస్తుంది. రోజుకు కనీసం దాని ఒళ్లంత గడ్డి, పొద్దునా రాత్రీ తాజాగా వేయాలి. పెల్లెట్లు రోజుకు ఒకటి నుంచి రెండు టేబుల్ స్పూన్లు చాలు. రకం మార్చాలంటే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ పది రోజుల్లో మార్చండి. లూసర్న్ గడ్డి పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి మాత్రమే. పెద్దవాటికి రోజూ వేస్తే అందులోని కాల్షియం వల్ల మూత్రాశయంలో రాళ్లు కట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: పిల్లలు ముద్దుగా ఎండుద్రాక్ష, బాదంపప్పు, అరటిపండు పెడుతున్నారు. ఇష్టంగా తింటోందండి.
– రాజోలు

జవాబు: ఇష్టంగానే తింటుంది, అదే చిక్కు. తీపి, కొవ్వు దాని పేగులోని మంచి సూక్ష్మజీవులను చెదరగొట్టి గ్యాసు పుట్టిస్తాయి. చించిల్లాకు వాంతి రాదు, తేన్పూ రాదు. గ్యాసు చేరితే పొట్ట డప్పులా బిగుసుకుని కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది. పిల్లలకు ఏదో ఒకటి పెట్టాలని ఉంటే నాలుగైదు ఓట్స్ గింజలు, అవీ వారానికి రెండుసార్లు, వాళ్ల చేతికి ఇవ్వండి.

ప్రశ్న: వారం నుంచి గడ్డి దగ్గరికి వెళ్లి వాసన చూసి వదిలేస్తోంది. పెల్లెట్లు నోట్లోకి తీసుకుని పడేస్తోంది. గడ్డం కింద తడిగా ఉంటోంది. పళ్లు మాత్రం బాగానే కనిపిస్తున్నాయి. అరుగుదల లేదేమోనని చూస్తున్నాం.
– భీమవరం

జవాబు: అరుగుదల మాట పక్కన పెట్టి ముందు దవడ పళ్లు చూపించండి. మీకు కనిపించేవి ముందు పళ్లు మాత్రమే. మొత్తం 20 పళ్లలో 16 లోపల దవడల్లో ఉంటాయి, మనం నోరు తెరిచి చూసినా కనపడవు. ముందువీ దవడవీ అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని పక్కలకు నూరుతూ నమిలితేనే దవడ పళ్లు సమంగా అరుగుతాయి. పెల్లెట్లకు ఆ నూరుడు అక్కర్లేదు. గడ్డి తగ్గిన చోట పళ్ల అంచులు మొనదేలి నాలుకను, బుగ్గను గీస్తాయి. వేర్లు దవడ ఎముకలోకి, కంటి వైపుకు పెరుగుతాయి. చొంగ, కంటి నీరు, గట్టివి వదిలి మెత్తనివి కోరడం – ఇవన్నీ దీని గుర్తులే. డాక్టరు మత్తిచ్చి పళ్లు చూసి, ఎక్స్‌రే తీస్తే గానీ తేలదు. అరిగించడం అవసరమైతే అప్పుడే చేస్తారు. గోళ్లు కత్తిరించే సాధనంతో ఇంట్లో పన్ను కత్తిరిస్తే నిలువునా చీలుతుంది.

ఇది ముదరకముందే పట్టుకునే సాధనం వంటింటి డిజిటల్ కాటా. వారానికోసారి, ఒకే వేళకు, గిన్నెలో కూర్చోబెట్టి గ్రాముల్లో తూచి రాసిపెట్టండి. ఆ బొచ్చు కింద ఎముకలు తేలినా కంటికి తెలియదు. 600 గ్రాములది 540కి దిగితే పదో వంతు తగ్గినట్టు, అంటే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన సమయం. తూచేటప్పుడే కింది దవడ అంచు వెంట వేలితో తడమండి. గడ్డలు తగిలితే వేర్లు పెరుగుతున్నాయన్నమాట. ముందు పళ్లు పసుపు-నారింజ రంగులో ఉండటం ఆరోగ్యం, తెల్లబడితే అనుమానించాలి. కొరకడానికి మందు కొట్టని మల్బరీ కొమ్మలు బాగా ఎండబెట్టి వేయండి. నిమ్మ, బత్తాయి జాతి కొమ్మలు వద్దు. కొమ్మలు ముందు పళ్లకు మాత్రమే పనికొస్తాయి, గడ్డికి బదులు కావు.

ప్రశ్న: విరేచనాలైతే మందుల షాపులో అడిగి పిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు వేయొచ్చా?
– నరసాపురం

జవాబు: వేయకండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులన్నీ, అలాగే క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ దీని పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తాయి. ఆ ఖాళీలో విషం పుట్టించే క్రిములు పెరుగుతాయి. జబ్బుతో కాకుండా మందుతోనే పోయే జంతువులున్నాయి. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి బోనుకు అంటించండి. కుక్కలనూ గేదెలనూ ఎక్కువగా చూసే డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆ కాగితం చూపించండి, మొహమాటపడొద్దు.

నీటి సంగతి కూడా చూడండి. కాలువ నీళ్లు, చెరువు నీళ్లు పైకి తేటగా ఉన్నా కాచి చల్లార్చి పోయండి. జియార్డియా అనే పరాన్నజీవి ఆ నీళ్లలో వచ్చి విరేచనాలు పెడుతుంది. సీసాను రోజూ బ్రష్‌తో కడగండి, మూతిలోని గోలీ కదులుతోందో లేదో వేలితో నొక్కి చూడండి. అది బిగుసుకుపోయి సీసా నిండుగా ఉంటే జంతువు నీళ్లు తాగలేదని అర్థం.

ప్రశ్న: ధూళి స్నానానికి (నీళ్ల బదులు ధూళిలో పొర్లడానికి) గోదావరి ఇసుక జల్లెడ పట్టి పోస్తున్నాను. ముక్కు చుట్టూ వెంట్రుకలు ఊడి పొట్టు రేగుతోంది. మా పాప చేతి మీద కూడా గుండ్రటి మచ్చ వచ్చింది.
– రాజమహేంద్రవరం

జవాబు: ఇది తామరలా ఉంది. ఆ శిలీంధ్రం జంతువు నుంచి మనిషికీ, మనిషి నుంచి జంతువుకూ అంటుకుంటుంది. పాపను చర్మవైద్యులకు, జంతువును పశువైద్యులకు ఒకే రోజు చూపించండి. స్టెరాయిడ్ కలిసిన తామర ఆయింట్‌మెంట్లు మందుల షాపుల్లో దొరుకుతాయి, వాటిని ఇద్దరికీ రాయకండి. మచ్చ పైకి తగ్గినట్టు కనిపించి లోపల పాకుతుంది. తగ్గేవరకు చేతి తొడుగులతోనే పట్టుకోండి. బోనును సబ్బుతో కడిగాక, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఎండబెట్టండి. ఈ పని జరిగేంతసేపు జంతువు వేరే గదిలో ఉండాలి, ఆ గదిలోనూ ఏసీ నడవాలి. చెక్క సామాను పారేయండి, చెక్క పగుళ్లలో దాక్కున్న శిలీంధ్రం కడిగితే పోదు.

నది ఇసుక ఎంత జల్లించినా గరుకే. వెంట్రుకలను తెంపుతుంది, బొచ్చులోని నూనెను పీల్చదు. టాల్కం పౌడరు, కట్టెల బూడిద కూడా వద్దు, ఊపిరితిత్తులకు చేటు. చించిల్లాల కోసమే అమ్మే మెత్తటి అగ్నిపర్వత ధూళిని గిన్నెలో రెండు అంగుళాల లోతు పోసి, 10–15 నిమిషాలు పొర్లనిచ్చి తీసేయండి. బోనులోనే వదిలేస్తే కళ్లు ఎర్రబడతాయి. మామూలుగా వారానికి మూడుసార్లు, బొచ్చు అట్టకట్టినట్టుంటే రోజూ పెట్టొచ్చు. ధూళి ఉండలు కడితే కొత్తది పోయండి. నీళ్లతో స్నానం ఎప్పుడూ చేయించొద్దు. ఆ దట్టమైన బొచ్చులో తడి ఆరడం కష్టం, శిలీంధ్రానికి అదే కావాలి.

ప్రశ్న: మగ చించిల్లా మాటిమాటికీ కింద నాక్కుంటోంది, మూత్రానికి ఇబ్బంది పడుతోంది.
– కాకినాడ

జవాబు: అంగం చుట్టూ వెంట్రుకలు ఉంగరంలా చుట్టుకుని ఉండొచ్చు. మగవాటిని నెలకోసారి ఇందుకోసం చూడాలి, ఆడదానితో కలిపి ఉంచితే వారానికోసారి. వాపు లేకపోతే నీటిలో కరిగే జెల్లీ రాసి, వేళ్లతో మెల్లగా ఉంగరాన్ని జార్చి తీయొచ్చు. కత్తెర వాడొద్దు. మీరు రాసినట్టు మూత్రానికి ఇబ్బంది ఉంటే ఇంట్లో ప్రయత్నించకుండా ఈ రోజే తీసుకెళ్లండి. తెల్లవారుజామునే బయల్దేరి, ఏసీ వేసి చల్లబరిచిన కారులోనే ఎక్కించండి. వెళ్లే ముందు ఫోన్ చేసి చించిల్లాలను చూస్తారో లేదో కనుక్కోండి. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పెంటికలు వేసింది, బరువు ఎంత – ఈ మూడూ ముందే చెప్పండి.