ప్రచారానికి వెళ్తున్న మా మేనకోడలికి

అమ్మడూ,

అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఎన్నికల్లో వాలంటీరుగా పనిచేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అదీ సిట్టింగ్ సభ్యుడిని ఎదుర్కొంటున్న అభ్యర్థి తరఫున! గర్వంతో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మెత్తటి బూట్లు వేసుకో. చీకటి పడ్డాక ఒంటరిగా ఎవరి తలుపూ తట్టకు. కరపత్రాన్ని గుమ్మం దగ్గర పెట్టు గానీ తపాలా పెట్టెలో వేయకు, స్టాంపు లేకుండా వేయడం ఇక్కడ చట్టవిరుద్ధం.

2020లో న్యూయార్క్ రాష్ట్రంలో, యుటికా పట్టణమున్న 22వ నియోజకవర్గంలో సిట్టింగ్ సభ్యుడు ఆంథోనీ బ్రిండిసీ మీద క్లాడియా టెన్నీ పోటీ చేశారు. నవంబరులో పోలింగ్ అయితే ఫలితం ఫిబ్రవరిలో తేలింది. టెన్నీ 109 ఓట్లతో గెలిచారు. అక్కడి ఒనైడా కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదే, అభ్యంతరాలు వచ్చిన బ్యాలెట్ల మీద గుర్తుగా చిన్న చిన్న జిగురు కాగితాలు అంటించారు. వాటిలో కొన్ని ఊడిపోయాయి. ఏ ఓటును ఎందుకు పక్కన పెట్టారో కోర్టులో తేల్చడం గగనమైంది. అంతకన్నా ఘోరం, మోటారు వాహనాల శాఖ ద్వారా ఓటు నమోదుకు దరఖాస్తు చేసుకున్న 2,400 మందికి పైగా ఓటర్లను ఆ కౌంటీ ఎన్నికల కార్యాలయం జాబితాలోకి ఎక్కించనే లేదు. 109 ఎక్కడ, 2,400 ఎక్కడ! తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఒకసారి మన ఊళ్లో మీ తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పోలింగుకు వెళ్తే, పేరు లేదని వెనక్కి పంపేశారు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

అందుకే తలుపు తీసిన వారిని ఎవరికి వేస్తారని అడిగే ముందు, జాబితాలో పేరు చూసుకున్నారా అని అడుగు. లేదంటే అక్కడే నిలబడి వాళ్ల ఫోనులోనే చూపించు. పోస్టల్ ఓటు వేసేవారికి కవరు మీద సంతకం మరవద్దని చెప్పు.

నీ సంగతి వేరు. నీకున్నది గ్రీన్‌కార్డు. ప్రచారం చేయవచ్చు, చందా ఇవ్వవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. ఓటు నమోదు కూడా ఉండే డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో పౌరురాలినన్న గడిలో పొరపాటున టిక్కు పెట్టినా రేపు పౌరసత్వానికే ఎసరు. చదవకుండా సంతకాలు పెట్టే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, నాకు తెలియదా?

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. ఓట్ల లెక్కింపు రోజుల్లో నువ్వు తిండి మానేస్తావు, నేనొచ్చి వంట చూసుకుంటాను. నీకు ఏ కౌంటీ అప్పగించారో ముందు చెప్పు, టికెట్టు తీసుకోవాలి.

మామయ్య