ఏఎం, పీఎం అంటే ఏమిటి? పన్నెండు దగ్గర ఏది రాయాలి?

మీరు అడిగినవి రెండు: ఈ అక్షరాలు ఎక్కడివి, మధ్యాహ్నం పన్నెండుకు ఏది రాయాలి. రెండోదానికి ముందు జవాబు. మధ్యాహ్నం పన్నెండు 12 పీఎం, అర్ధరాత్రి పన్నెండు 12 ఏఎం. ఫోన్లు, కంప్యూటర్లు, డిజిటల్ గడియారాలు అన్నీ ఇదే పాటిస్తాయి.

ఇవి ఇంగ్లీషు మాటల పొట్టి రూపాలు కావు. ఏఎం అంటే ‘ఆఫ్టర్ మిడ్‌నైట్’ అని కొందరు చెబుతుంటారు, అది ఊహ మాత్రమే. అసలు మాటలు లాటిన్‌వి: ‘యాంటె మెరీడియెమ్’ అంటే మధ్యాహ్నానికి ముందు, ‘పోస్ట్ మెరీడియెమ్’ అంటే మధ్యాహ్నం తర్వాత. రేఖాంశానికి ఇంగ్లీషులో వాడే ‘మెరిడియన్’ కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. ఒకే రేఖాంశం మీదున్న ఊళ్లన్నిటికీ సూర్యుడు ఒకేసారి నడినెత్తికి వస్తాడు కదా.

ఇంగ్లీషు ‘నూన్’ కథ ఇంకా విచిత్రం. రోమన్లు పగటిని సూర్యోదయం నుంచి పన్నెండు భాగాలుగా లెక్కపెట్టేవారు. తొమ్మిదో గంటను ‘నోనా’ అనేవారు. అది మన లెక్కలో మధ్యాహ్నం మూడు ప్రాంతం. మధ్యయుగాల్లో ఆ మాట మెల్లగా వెనక్కి జరిగి పన్నెండు దగ్గర స్థిరపడింది.

ఇప్పుడు చిక్కు చూడండి. సరిగ్గా పన్నెండు మధ్యాహ్నానికి ముందూ కాదు, తర్వాతా కాదు. అర్థం ప్రకారం ఏ అక్షరమూ అతకదు. అయినా పీఎం ఎందుకంటే, పన్నెండు దాటి ఒక్క సెకను గడిస్తే అది కచ్చితంగా పీఎం. ఆ ఒక్క సెకను కోసం గడియారం అక్షరం మార్చడం అర్థంలేని పని, అందుకే 12:00ని తర్వాతి గంటతో కలిపేశారు. ఇది సౌకర్యం కోసం పెట్టుకున్న ఒప్పందం, అంతకుమించి తర్కం వెతకొద్దు. అమెరికా ప్రభుత్వ ముద్రణా విభాగం వారి శైలి పుస్తకం 2000 సంవత్సరపు కూర్పులో మధ్యాహ్నానికి 12 ఏఎం అనే రాసింది, 2008 కూర్పులో దాన్ని తిరగేసింది. పాత అమెరికన్ కాగితాల్లో పన్నెండు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

అక్షరార్థం కావాలనుకుంటే గడియారంలో పన్నెండు కూడా నిజమైన మిట్టమధ్యాహ్నం కాదు. మన దేశ సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సగటున 16 నిమిషాలు ఆలస్యం. భూమి కక్ష్య ఆకారం, అక్షం వంపు వల్ల వచ్చే తేడా కూడా కలిపితే హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఫిబ్రవరి మధ్యలో సుమారు 12:30కి, నవంబరు మొదట్లో సుమారు 12:00కి.

నా ఉద్దేశంలో జనం నష్టపోయేది మధ్యాహ్నం పన్నెండు దగ్గర కాదు, అర్ధరాత్రి తేదీ దగ్గర. ‘15వ తేదీ 12 ఏఎం’ అంటే 15 మొదలయ్యే క్షణం, అంటే 14 రాత్రి. ‘15 అర్ధరాత్రి లోపు’ అని నోటీసు ఇస్తే సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చదువుతారు. గడువు రాసేటప్పుడు 11:59 పీఎం అనో, 00:01 అనో రాస్తే గొడవ ఉండదు.

రైళ్లది 24 గంటల లెక్క కాబట్టి అక్షరాల బాధ లేదు, తేదీ బాధ మాత్రం ఉంది. 00:40కి ఎక్కాల్సిన బండికి శనివారం రాత్రి ఇంట్లోంచి బయలుదేరతారు, కానీ టికెట్ ఆదివారం తేదీకి ఉండాలి. తత్కాల్ అయితే ఇంకో మెలిక: బండి మొదటి స్టేషన్లో బయలుదేరే తేదీకి ఒక రోజు ముందు తెరుస్తారు. మొదటి స్టేషన్లో 14న బయలుదేరి మీ ఊరికి 15న 00:40కి వచ్చే బండికి తత్కాల్ 13వ తేదీనే. ఏసీకి ఉదయం 10, స్లీపర్‌కి 11.

24 గంటల్లోకి మార్చేటప్పుడు పీఎం కనిపించగానే 12 కలిపేస్తే 12:20 పీఎం కాస్తా 24:20 అవుతుంది. ఒకటి నుంచి పదకొండు దాకానే కలపాలి. 12 పీఎం పన్నెండుగానే ఉంటుంది, 12 ఏఎం సున్నా అవుతుంది. ఎక్సెల్‌లో అంకెకీ పీఎంకీ మధ్య ఖాళీ వదలకపోతే దాన్ని సమయంగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది, గడిలో ఎడమవైపుకు అతుక్కుంటే అదే గుర్తు. రాత్రి షిఫ్టు గంటలు లెక్కేసేటప్పుడు (10 పీఎం నుంచి 6 ఏఎం) తీసివేతలో రుణసంఖ్య వచ్చి గడి నిండా ##### పడుతుంది. తేదీ దాటితే ఫలితానికి 1 కలపండి, అక్కడ ఒకటి అంటే ఒక రోజు.

పంచాంగం చూసేవాళ్లకి చివరగా ఒక మాట. అందులో ఉ., మ., సా., రా., తె. అని ఉంటాయి, రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. సోమవారం గడిలో తిథి ‘రా. 1.20 వరకు’ అని ఉంటే అది ఇంగ్లీషు లెక్కలో మంగళవారం 1:20 ఏఎం. వేసవిలో న్యూయార్క్‌లో ఉన్నవారికి అది సోమవారం 3:50 పీఎం. తిథి, నక్షత్రం ముగింపులను ఇలా మార్చుకోవచ్చు గానీ రాహుకాలం, వర్జ్యం లాంటివన్నీ ఒకే లెక్కలో మార్చొద్దు. రాహుకాలం ఆ ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయాలను బట్టి వస్తుంది కాబట్టి అక్కడి సమయాలతోనే మళ్లీ లెక్కకట్టాలి.