మా బాబుకి మోక్షం ఉంటుందా మేడమ్?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) కుటుంబం. మా బాబుకి 22 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం, నాలుగైదు మాటలు తప్ప రావు. నెల పసివాడప్పుడే జ్ఞానస్నానం ఇప్పించాం. జపాలు కంఠతా రావట్లేదని సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) క్లాసు నుంచి వెనక్కి పంపేశారు. వాడి చెల్లెలికి మాత్రం అన్నీ అయ్యాయి. పెంతెకోస్తు సంఘంలో చేరిన మా ఆడపడుచు, నోటితో ఒప్పుకోలేనివాడికి రక్షణ లేదంటుంది. ఐదేళ్ల కిందట పూజలో గంట మోగగానే వీడు చప్పట్లు కొట్టాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేశారు. అప్పటి నుంచి గుడికి తీసుకెళ్లరు. వీడేమో ప్రతి ఆదివారం నాన్న చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టి నిలబడతాడు. ఆయన వేరే జత వేసుకుని పెరటి దారిన వెళ్లిపోతారు. నాకంటే ముందే వాణ్ణి తీసుకుపొమ్మని రోజూ జపమాల చెప్పుకుంటున్నాను. అది పాపమా? సత్ప్రసాదం లేకుండానే పోతే వాడికి మోక్షం ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. ఇందులో రెండో మాట లేదు. నేనూ అదే శ్రీసభలో, అంటే కథోలిక సంఘంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మోక్షాన్ని పోగొట్టే చావైన పాపం అనాలంటే విషయం పెద్దదై ఉండాలి, అది తప్పని బాగా తెలిసుండాలి, మనసారా ఒప్పుకుని చేసుండాలి. చిన్నప్పుడు సత్యోపదేశంలో మీరూ నేర్చుకున్నదే. మంచిచెడ్డలు విడదీసే తెలివి ఎప్పుడూ రాని బిడ్డ అలాంటి పాపం ఎలా చేస్తాడు? కొంత తెలిస్తే తెలిసినంత మేరకే లెక్క. జ్ఞానస్నానంలో వచ్చిన వరప్రసాదం వాడిలో అలాగే ఉంది. పుట్టుకతో ఇలా ఉన్నవాళ్లకు పసిబిడ్డలకిచ్చినట్టే, శ్రీసభ విశ్వాసం ఆధారంగా జ్ఞానస్నానం ఇవ్వాలని 13వ శతాబ్దంలోనే పునీత తోమాస్ అక్వినాస్ రాశారు. 1983 నాటి శ్రీసభ చట్టమూ జ్ఞానస్నానం విషయంలో వీళ్లని పసిపిల్లలతో సమానంగానే చూస్తుంది. మీ ఆడపడుచు చెప్పేది బైబిల్లో రోమీయులకు రాసిన లేఖలోని మాట. అది నోరున్నవాళ్లకు రాసింది. ఆమెతో వాదన పెట్టుకోకండి, టైం దండగ.

జపాలు రావని పంపేయడం మాత్రం తప్పే. దివ్యసత్ప్రసాదానికీ మామూలు రొట్టెకీ తేడా తెలిస్తే చాలు, ఉపదేశమంతా పూర్తిగా తెలియనక్కర్లేదని పదో భక్తినాథ (పయస్) పాపుగారు 1910లోనే చెప్పారు. అది పిల్లలందరి గురించి. మరి మీ అబ్బాయి సంగతి చూడండి. పాటలప్పుడు కొట్టలేదు, ప్రసంగమప్పుడు కొట్టలేదు. గంట మోగి, గురువు అప్పాన్ని పైకెత్తిన క్షణంలో చప్పట్లు కొట్టాడు. అక్కడేదో గొప్పది జరుగుతోందని వాడికి తెలిసిందనే నేననుకుంటాను. తలలు తిప్పి చూసినవాళ్లలో ఎందరికి తెలిసిందో!

ఇక అసలు సంగతికి వద్దాం. ఉత్తరమంతా మోక్షం గురించే రాశారు గానీ, నన్ను పట్టి లాగింది ఆ చెప్పులు. మీ ఇంట్లో సమస్య దేవుడికీ మీ అబ్బాయికీ మధ్య లేదు. తండ్రికీ కొడుక్కీ మధ్య ఉంది.

పదహారో బెనెడిక్ట్ పాపుగారు 2007లో ఇలాంటివాళ్ల గురించి ప్రత్యేకంగా రాశారు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే తైల సంస్కారం) పొందినవాళ్లకు వీలైనచోట సత్ప్రసాదం అందించాలని, తమ వెంట ఉన్న కుటుంబం, సంఘం విశ్వాసంలో కూడా వాళ్లు దాన్ని స్వీకరిస్తారని. కుటుంబం విశ్వాసం అంటే మీ ఒక్కరిదేనా? సువార్తలో చూడండి, కపెర్నాము ఊళ్లో పక్షవాతం మనిషిని మంచంతో నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి దించారు. ప్రభువు చూసింది వాళ్ల విశ్వాసాన్ని. మీ ఇంట్లో ఆ మంచం నాలుగు కోళ్లూ మీరే పట్టుకున్నారు.

మీ ప్రార్థన పాపం కాదు. 22 ఏళ్లు ఒక్కతే మోసి అలిసిపోయిన తల్లి నోట వచ్చే మాట అది. అయితే దాన్ని మీ ఆయన ఒక్కసారైనా విన్నారా? వినలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ముందు ఆయనకు చెప్పండి, ఇదే మాట, ఏమీ మెత్తబరచకుండా. ఆయన పరువు కాపాడటానికి మీరింత మౌనంగా ఉండనక్కర్లేదు. భర్త సిగ్గును భార్య మోయాలని ఏ సంస్కారంలోనూ లేదు.

ఆయన చెడ్డవాడని నేననడం లేదు. బాబుకి ఆరేళ్లొచ్చేదాకా ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు భుజాల మీద ఎక్కించుకుని కొండ మెట్లెక్కేవారని ఇక్కడ అచ్చువేయని ఉత్తరం చివరి భాగంలో మీరే రాశారు. ఆ భుజాలు ఇంకా ఉన్నాయి. ఫిబ్రవరి 11, లూర్దుమాత పండగ రోజునే శ్రీసభ ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా జరుపుతుంది. ఈసారి ముగ్గురూ కలిసి వెళ్లండి, వాడిప్పుడు నడుస్తాడు.

సత్ప్రసాదం కోసం విచారణ గురువు (మీ గుడి ఫాదర్) దగ్గరికి మీరొక్కరే వెళ్లొద్దు, మీ ఆయన్ని ముందు పెట్టుకుని వెళ్లండి. అభ్యంగనం కాలేదు కాబట్టి అదీ అడగండి. మింగడం కష్టమైతే చిన్న ముక్క ఇస్తారు. ఆశీర్వదించని అప్పంతో ఇంట్లో ముందే అలవాటు చేయొచ్చు. జనం పల్చగా ఉండే వారపు రోజు పూజతో మొదలుపెట్టవచ్చు. ఎవరైనా కుదరదంటే, వికలాంగులకు జ్ఞానస్నానం, సత్ప్రసాదం లాంటి సంస్కారాలు నిరాకరించే హక్కు ఎవరికీ లేదని 2020లో రోము నుంచి వచ్చిన సత్యోపదేశ మార్గదర్శిలో ఉందని చెప్పండి. ఈ మాట మీ ఆయన నోటితోనే చెప్పించండి.

ఈ ఆదివారం మీరు మొదటి పూజకి ఒక్కరే వెళ్లి, మీకోసం కాసేపు కూర్చుని రండి. రెండో పూజకి వాళ్లిద్దరూ వెళ్లాలి. గుమ్మంలో వాడు పెట్టిన చెప్పులే ఆయన వేసుకోవాలి. గంట మోగినప్పుడు వాడు చప్పట్లు కొడితే కొట్టనివ్వమని, బయటికి తీసుకురావద్దని ఇంట్లోంచి బయల్దేరేముందే చెప్పి పంపండి.