మావారు గేమ్ పూర్తి చేయరు, నా బంగారం తాకట్టు పెడదామంటున్నారు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 34 ఏళ్లు, మావారికి 37. ఆరేళ్ల బాబు ఉన్నాడు. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. మావారు 2023 మొదట్లో ఉద్యోగం మానేసి ఇంట్లోనే సొంతంగా వీడియో గేమ్ తయారు చేస్తున్నారు. ఏడాదిన్నరలో అయిపోతుందన్నారు. మధ్యలో ఇంజిన్, అంటే గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్, మార్చాలంటూ ఆరు నెలలు పోయాయి. ఇప్పుడు అది సగంలో ఉండగానే చిన్న చిన్నవి మొదలుపెడుతున్నారు. కప్పల గేమ్ ఒకటి, ఆర్టీసీ కండక్టర్ గేమ్ ఒకటి. మా మామగారు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు లెండి. ఏదీ బయటికి రాలేదు. రాత్రి రెండింటి దాకా కూర్చుంటారు, పొద్దున పది దాటాక లేస్తారు. పీఎఫ్ డబ్బులు అయిపోయాయి. అద్దె, స్కూలు ఫీజు అన్నీ నా జీతం మీదే. బొమ్మలు గీసే ఆర్టిస్టుకు ఇవ్వాలి, నీ బంగారం బ్యాంకులో పెడదామంటున్నారు. ఊళ్లో అత్తమామలకు మాత్రం ఆయన వర్క్ ఫ్రం హోమ్ చేస్తున్నారనే చెబుతున్నాం. పండక్కి వెళ్లినప్పుడు మామగారు ‘అబ్బాయికి ఈ ఏడు జీతం ఎంత పెరిగిందమ్మా’ అని అడిగితే నేనే ఏదో ఒక అంకె చెప్పాను. ఆయన మంచివారే, బాబుని బాగా చూసుకుంటారు. ఇది వ్యసనమా? లేక నేనే అర్థం చేసుకోలేకపోతున్నానా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: ముందు బంగారం సంగతి. పెట్టొద్దు. మీవారి మీద నమ్మకం లేక కాదు ఈ మాట అంటున్నది. మీ ఇంట్లో ఇప్పుడు నెలనెలా వచ్చే డబ్బు ఒక్కటే, మీ జీతం. అది ఏ కారణంతో ఆగినా ఆ బంగారమే మీ ముగ్గురికీ ఆధారం. పైగా అది మీది. స్త్రీధనంపై భర్తకు అధికారం లేదని సుప్రీంకోర్టు 2024లో కూడా మరోసారి చెప్పింది. ‘నాకు ఇష్టం లేదు’ అనడానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

వ్యసనమా అని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి కాదనే అనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మత అని చెప్పేది ఆడేవాళ్ల గురించి. ఆపుకోలేకపోవడం, తిండీ నిద్రా ఉద్యోగం అన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాది పాటైనా సాగడం దాని లక్షణాలు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటివారి కోసం 2014 నుంచి ‘షట్’ అనే క్లినిక్ కూడా ఉంది. మీవారు ఆడటం లేదు, తయారు చేస్తున్నారు. బాబుని చూసుకుంటున్నారు, మీతో మాట్లాడుతున్నారు, డబ్బు కావాలంటే దాచకుండా మిమ్మల్నే అడిగారు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి. నాకు కనబడుతున్న చిక్కు వేరే. మూడేళ్లుగా మీ ఇల్లు గడువు లేని ఒక పని మీద నడుస్తోంది. ఆ గడువు ఆయన పెట్టుకోలేదు, మీరు అడగలేదు.

ఆయన తరఫున కూడా రెండు మాటలు చెప్పాలి. మీరు టెస్టర్ కాబట్టి తొందరగా అర్థమవుతుంది. గేమ్‌లో ఒక బొమ్మ గోడ మీంచి దూకాలి. చూసేవాళ్లకి అది ఒక్క బటన్. చేసేవాళ్లకి మాత్రం ఎంత ఎత్తు ఎగరాలి, పైకి వెళ్లేటప్పుడు ఎంత వేగం, కిందికి దిగేటప్పుడు ఎంత అన్నీ సర్దుకోవాలి. అంచు దాటాక సెకనులో పదో వంతు ఆలస్యంగా బటన్ నొక్కినా దూకనివ్వాలి. లేకపోతే ఆడేవాళ్లు ‘నేను నొక్కాను, గేమే పలకలేదు’ అని విసుక్కుంటారు. బాగా కుదిరితే అంత కష్టం పడ్డట్టు ఎవరికీ తెలియదు. కోడ్, కథ, శబ్దాలు, ప్రచారం అన్నీ ఒక్క మనిషే చేస్తే రోజులు ఇలాగే కరిగిపోతాయి. ఇంజిన్ మార్చడం కూడా ఊరికే పుట్టిన ఆలోచన కాకపోవచ్చు. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే ఇంజిన్ తయారు చేసే కంపెనీ, కొంత పరిమితి దాటాక ఎవరైనా గేమ్‌ని ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతిసారీ డెవలపర్ దగ్గర రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, చాలామంది ఉచితంగా దొరికే గోడో లాంటి ఇంజిన్లకు మారిపోయారు. ఏడాది తర్వాత ఆ కంపెనీ రుసుము రద్దు చేసుకుంది. ఈలోపు మారినవాళ్ల నెలలు మాత్రం వెనక్కి రాలేదు.

ఆయన మీకు స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ గురించి చెప్పే ఉంటారు. ఎరిక్ బారోన్ అనే అమెరికా కుర్రాడు నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని చేసి 2016లో విడుదల చేశాడు, కోట్ల కాపీలు అమ్ముడైంది. నిజమే. కానీ ఆ కథలో ఆయన మీకు చెప్పి ఉండని ముక్క ఒకటుంది. ఆ ఏళ్లలో ఇల్లు గడవడానికి తోడున్న అమ్మాయి పనిచేసింది, అతను కూడా సాయంత్రాలు ఒక థియేటర్లో పార్ట్‌టైమ్ చేశాడు. రెండో విషయం, 2024లో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ ఒక్కదానిలోనే 18 వేలకు పైగా కొత్త గేమ్‌లు వచ్చాయి. వాటిలో చాలావాటి పేర్లు ఎవరికీ తెలియవు. అందులో బాగా కష్టపడి చేసినవీ ఉన్నాయి.

ఇక ఈ చిన్న గేమ్‌ల సంగతి. మీకు కోపం తెప్పిస్తున్నవి ఇవే. నాకు ఆశ కలిగిస్తున్నవీ ఇవే. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు చాలామంది పక్కన ఇలాంటివి చేస్తూనే ఉంటారు. ఏటా జనవరి చివర్లో ప్రపంచమంతటా గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది. చాలా చోట్ల 48 గంటల్లో ఒక చిన్న గేమ్ చేసి చూపించాలి. దాంతో చేయి తిరుగుతుంది, నలుగురూ పరిచయమవుతారు, మెదడుకి గాలి తగులుతుంది. మూడేళ్లుగా ఒక్క గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషికి ఇది అవసరం కూడా.

కానీ చిన్న గేమ్ పారిపోయే దారి కూడా అవుతుంది. పెద్ద గేమ్ మొదట్లో ఉత్సాహంగా ఉంటుంది. సగం దాటాక మిగిలేదంతా విసుగు పుట్టించే పనే. మెనూలు, సెట్టింగ్‌లు, ఆట మధ్యలో ఆపితే మళ్లీ అక్కడి నుంచే మొదలయ్యేలా సేవ్ చేయడం, స్టోర్ పేజీకి బొమ్మలూ వీడియో తయారు చేయడం. సరిగ్గా అప్పుడే కొత్త ఆలోచన మెరుస్తుంది. దాని వెనక ఒక భయం ఉంటుంది: పూర్తి చేస్తే జనానికి చూపించాలి, చూపిస్తే వాళ్లు బాగాలేదనొచ్చు. పూర్తి చేయనంత కాలం అది అద్భుతంగానే ఉంటుంది. మీవారిలో ఆ భయం బాగా ఉందని నా అనుమానం. మొదటి గేమ్‌కే ఇల్లంతా పణంగా పెట్టిన మనిషికి ఉండకుండా ఎలా ఉంటుంది?

అందుకే ‘ఆ చిన్నవి మానేయండి’ అనకండి. ‘వీటిలో ఒకటి మూడు నెలల్లో అమ్మకానికి పెట్టండి’ అని అడగండి. కండక్టర్ గేమే పెట్టమనండి. స్టీమ్‌లో ఒక గేమ్‌కి కట్టాల్సింది 100 డాలర్లు. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అదీ తిరిగి వస్తుంది. విడుదలకు కనీసం రెండు వారాల ముందు పేజీ జనానికి కనబడాలి. కొన్నవాళ్లు 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అంత కూడా ఖర్చు వద్దనుకుంటే ఇచ్.ఐఓ అనే సైట్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు, అక్కడ వాళ్లకి ఎంత వాటా ఇవ్వాలో అమ్మేవాళ్లే నిర్ణయించుకుంటారు. ధర పెట్టడం, ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన తిట్లు చదవడం, ఎవరో ఒకరు బాగుందంటే పొంగిపోవడం, ఇవన్నీ ఒకసారి చిన్న గేమ్‌తో చవిచూస్తే పెద్ద గేమ్ అంటే ఉన్న బెంగ సగం తగ్గుతుంది. డబ్బు పెద్దగా రాకపోవచ్చు. ముందే ఇద్దరూ అలా అనుకోండి.

డబ్బు గురించి ఇద్దరూ కలిసి ఒక లెక్క వేయాలి. గేమ్ ధర 500 రూపాయలు అనుకుందాం. స్టీమ్ 30 శాతం ఉంచుకుంటే 350 మిగులుతుంది. మీ ఇంటి ఖర్చు నెలకు 70 వేలైతే ఏడాదికి 8 లక్షల 40 వేలు. అంటే ఒక్క ఏడాది ఖర్చు రాబట్టాలన్నా 2,400 కాపీలు పూర్తి ధరకు అమ్ముడవ్వాలి. రిఫండ్లు, పన్నులు, డిస్కౌంట్ సేల్స్ కలిపితే ఇంకా ఎక్కువ. ఈ లెక్క ఆయన చేత్తోనే వేయించండి. మీరు వేసి చూపిస్తే ఎత్తిపొడుపులా ఉంటుంది. ఆ తర్వాత బ్యాంకులో ఎంత ఉంటే ఇక ముట్టుకోకూడదో ఒక మొత్తం రాసుకోండి, ఒక తేదీ రాసుకోండి. ఆ మొత్తానికి దిగినా, ఆ తేదీ వచ్చినా ఆయన కాంట్రాక్టు పనో ఉద్యోగమో చూసుకుంటారు, గేమ్ సాయంత్రాలకు మారుతుంది.

ఉద్యోగంలో చేరితే ఓడిపోయినట్టు కాదని ఆయనకి మీ నోటితోనే వినబడాలి. బెంగళూరులో ఆయన నేర్చుకున్న పనికి గేమ్‌ల బయట కూడా గిరాకీ ఉంది. డ్రైవింగ్ సిమ్యులేటర్లు, ఫ్యాక్టరీ శిక్షణ సాఫ్ట్‌వేర్, కట్టబోయే ఇంటిని ముందే తిరిగి చూపించే త్రీడీ, ఇవన్నీ అవే ఇంజిన్ల మీద చేస్తారు. చేరే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ మాత్రం జాగ్రత్తగా చదువుకోమనండి. ఉద్యోగంలో ఉండగా చేసినదంతా కంపెనీదే అనే షరతు చాలా చోట్ల ఉంటుంది. తన గేమ్‌లు తనవేనని రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

ఆర్టిస్టు ఖర్చు ఈ లెక్క తేలాకే. అప్పటిదాకా పెద్ద గేమ్‌కి కొత్త బొమ్మలు అక్కర్లేదు.

ఇప్పుడు మీ అత్తమామల విషయం. ఉత్తరంలో మీరు తక్కువ రాశారు గానీ మిమ్మల్ని ఎక్కువ నలిపేస్తున్నది ఇదేనని నాకనిపిస్తోంది. జీతం పెరగని మనిషికి జీతం పెరిగిందని చెప్పాల్సి వచ్చింది. ఆ అబద్ధం ఆయనది, మోస్తున్నది మీరు. రేపు నిజం బయటపడితే ‘కోడలు కూడా దాచింది’ అనే మాట మీకే మిగులుతుంది. చెప్పాల్సింది ఆయన. మీరు పక్కన కూర్చోండి, అంతే.

ఎందుకు దాచారో ఊహించగలను. మన ఊళ్లలో ‘ఆన్‌లైన్ గేమ్’ అనగానే గుర్తొచ్చేది రమ్మీ. దాని వల్ల అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు మీ మామగారు పేపర్లో ఎన్నో చదివి ఉంటారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. కాబట్టి ‘గేమ్‌లు చేస్తున్నాను’ అని ఫోన్లో ఒక్క ముక్కలో చెబితే ఆ పెద్దాయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎదురుగా కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి చెప్పాలి. ఇందులో పందెం లేదు, సినిమా టిక్కెట్‌లా ఒకసారి కొనుక్కుని ఆడుకునేది అని చూపించాలి.

చూపించడానికి కండక్టర్ గేమ్ ఉంది కదా! మీవారు దాన్ని ఊరికే ఎంచుకోలేదు. తండ్రి చేసిన పని అది. ఆడించి, ఏం తప్పుందో చెప్పమని అడగనివ్వండి. స్టేజీ వచ్చేలోపు టిక్కెట్లు ఎలా కొట్టేవారో, చిల్లర లేనప్పుడు బాకీ టిక్కెట్ వెనక రాసిచ్చి దిగేటప్పుడు తీసుకోమనేవారో, చెకింగ్ వాళ్లు ఎక్కితే లెక్క ఎలా చూపించేవారో ఆయనకి తెలిసినంత ఏ ఇంటర్నెట్‌లోనూ దొరకదు. అయినా కోపం రావచ్చు. మూడేళ్లు దాచినందుకు రావడం న్యాయమే. వచ్చిన కోపాన్ని మీవారు తల వంచుకుని పడాలి. జీతం లేదన్న మాట కూడా అదే రోజు చెప్పేయాలి. గేమ్ చూపించి డబ్బు సంగతి దాచితే మళ్లీ మొదటికే వస్తుంది.

రాత్రి రెండింటి దాకా కూర్చోవడం ఆగాలి. పదకొండుకి ల్యాప్‌టాప్ మూసేయడం, పొద్దున బాబుని స్కూలు బస్సు ఎక్కించే పని ఆయన తీసుకోవడం. ఈ ఒక్క మార్పుతో మీకు రోజూ ఒక గంట మిగులుతుంది. ఆఫీసులో రోజంతా టెస్టింగ్ చేసి వచ్చాక ఆయన గేమ్ కూడా మీరే టెస్ట్ చేస్తున్నట్లయితే, మీకు ఓపిక ఉన్న రోజునే చేయండి. ఒకవేళ ఆయన నిద్ర లేకుండా, తిండి మీద ధ్యాస లేకుండా, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనే మాటలు తరచూ అంటుంటే దాన్ని గేమ్ టెన్షన్ అని వదిలేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వారి సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది, మారతహళ్లి నుంచి మరీ దూరం కాదు. ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఇవన్నీ అర్ధరాత్రి గొడవ మధ్యలో చెప్పకండి. ఒక శనివారం పొద్దున బాబుని పక్కింట్లో ఆడుకోవడానికి పంపి, బ్యాంకు స్టేట్‌మెంట్, ఒక కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చోండి. మొదటి మాట డబ్బు గురించి వద్దు. కండక్టర్ గేమ్ ఎంతవరకు వచ్చిందో చూపించమనండి, పావుగంట మీరూ ఆడండి. తర్వాత లెక్క, తేదీ, ఊరికి ఎప్పుడు వెళ్లాలన్నది. లాకర్ తాళం మీ దగ్గరే ఉంచుకోండి.