జుట్టు సంగతి తర్వాత, ముందు పొటాషియం చూపించండి

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. ఎత్తు 160 సెం.మీ. 8 నెలల్లో 58 కిలోల నుంచి 47కు తగ్గింది. అయినా లావుగా ఉన్నానంటోంది. తినగానే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుంటోంది. మలబద్ధకమంటూ రోజూ రాత్రి విరేచనాల మాత్ర వేసుకుంటోంది. 4 నెలలుగా నెలసరి లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు 5 రోజులు వాడినా రాలేదు. డోసు పెంచాలా? థైరాయిడ్ నార్మల్. జుట్టు ఊడకుండా ఏ విటమిన్లు వాడాలి?
– ఓ తల్లి

జవాబు: బరువు వేగంగా తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలే. తిండి కుదుటపడితే చాలావరకు తిరిగి వస్తుంది. నన్ను కలవరపెడుతున్నవి మీరు మధ్యలో దాటేసిన రెండు ముక్కలు: తినగానే బాత్రూం (కుళాయి చప్పుడు మాటున కక్కుకుంటోందేమో), రాత్రి మాత్ర. చూడకుండా నిర్ధారించలేను గానీ ఈటింగ్ డిజార్డర్‌ను (తిండి, బరువు చుట్టూ తిరిగే మానసిక జబ్బును) ముందుగా అనుమానించాలి. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 18 పైనే ఉందిగా అని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే ఒప్పుకోకండి. పోయింది దాదాపు ఐదో వంతు బరువు.

విరేచనాల మాత్రలతో కొవ్వు కరగదు. అవి పనిచేసేది పెద్దపేగు మీద, అప్పటికే చిన్నపేగు కేలరీలను పీల్చేసుకుని ఉంటుంది. తగ్గేది నీళ్ల బరువే. మానగానే ఒంట్లో నీరు చేరి ఒకటి రెండు వారాలు ముఖం, కాళ్లు ఉబ్బుతాయి. అది చూసి 'లావయ్యాను' అని మళ్లీ మొదలుపెడతారు. ఈ ఉబ్బు గురించి ఆమెకు ముందే చెప్పాలి. దీనికి వాంతులూ తోడైతే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు.

ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించండి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ, నాడి చూడాలి. ఈసీజీ, పొటాషియం, సోడియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్, షుగర్, క్రియాటినిన్ అవసరం. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. నాడి 50 లోపు, పై బీపీ 90 లోపు ఉన్నా, స్పృహ తప్పినా, గుండె దడ, కండరాల నీరసం, వాంతిలో రక్తం కనిపించినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నెలసరి మాత్రల విషయంలో కాస్త కోప్పడక తప్పదు. గర్భ పరీక్ష చేయించకుండా షాపతను ఇచ్చిన హార్మోన్ వేస్తారా? ఇక వేయకండి, డోసు ఊసే వద్దు. అవి నెలసరి రప్పించే ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్ మాత్రలై, వాడాకా రక్తస్రావం కాలేదంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ బాగా తగ్గి ఉండొచ్చు. తిండి చాలక మెదడే అండాశయాలకు సంకేతాలు తగ్గిస్తుంది. ఎముకలు గట్టిపడాల్సిన వయసులో ఇది నష్టం. సరిపడా తిని బరువు కోలుకోవడమే అసలు చికిత్స.

అలాగని ఒక్కసారిగా ఎక్కువ తినిపించొద్దు. చాలాకాలం కడుపు మాడ్చుకున్నవారిలో ఫాస్ఫరస్ హఠాత్తుగా పడిపోయే ప్రమాదముంది. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టర్, డైటీషియన్ చెప్పాలి. సాధారణంగా మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, ఎడం 3-4 గంటలు దాటకుండా చూస్తారు. పగలంతా మాడితే రాత్రి అదుపు తప్పి తినడం, వెంటనే కక్కడం జరుగుతుంది. తిన్నాక గంటసేపు ఎవరైనా పక్కన కూర్చోండి, కాపలా కాస్తున్నట్టు కాకుండా. వాంతి అయితే వెంటనే బ్రష్ చేయొద్దు, పళ్ల పైపొర (ఎనామెల్) అరుగుతుంది. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు తప్పనిసరి. ఇంట్లో బరువు తూచే మెషీన్ తీసేయండి. 'చిక్కి బాగున్నావ్' అన్న మెచ్చుకోలూ, మీ ఒంటి మీద మీరే వేసుకునే జోకులూ ఆపండి. కోలుకుంటున్నప్పుడు 'ముఖం నిండింది' అన్నా ఆమెకు 'లావయ్యావ్' అనే వినిపిస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి.