న్యూక్లియోసైడ్ యాంటీవైరల్ మందులు మన కణాలకే ఎందుకు చేటు చేస్తాయి?

వైరస్ తన జన్యు గొలుసు అల్లుకునేటప్పుడు అసలు పూస (న్యూక్లియోసైడ్) బదులు నకిలీ పూస అందించడమే ఈ మందుల పని. చిక్కేమిటంటే కణంలో శక్తి తయారుచేసే మన మైటోకాండ్రియాకూ సొంత డీఎన్ఏ ఉంది. దాన్ని కాపీ చేసే పాలిమరేజ్ గామా అనే ఎంజైమ్ కొన్ని నకిలీలను గుర్తుపట్టలేకపోతుంది. ఆ డీఎన్ఏ దెబ్బతింటే కణంలో శక్తి తయారీ కుంటుపడుతుంది, లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది.

1993లో అమెరికాలో హెపటైటిస్ బి కోసం పరీక్షించిన ఫియాలురిడిన్ ఇలాగే దెబ్బతీసింది. 15 మందిలో ఏడుగురికి తీవ్ర విషప్రభావం. అయిదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. మందు ఆపాక కూడా నష్టం ముదిరింది. ఎలుకల్లో ముందే ఎందుకు తెలియలేదు? మందును మైటోకాండ్రియాలోకి చేరవేసే ద్వారం మనకుంది, వాటికి లేదు.

హెచ్ఐవీ మందు స్టావుడిన్‌తో పాదాల మంట, బుగ్గలు పీక్కుపోవడం కనిపించేవి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్రమంగా మానుకోమంది. మరో హెచ్ఐవీ మందు జిడోవుడిన్ రక్తకణాలు తయారయ్యే ఎముక మూలుగను అణిచేస్తుంది కాబట్టి మొదటి నెలల్లో హిమోగ్లోబిన్ చూడాల్సిందే.

హెర్పిస్ వైరస్‌కు వాడే ఎసైక్లోవిర్ కథ వేరు. దాన్ని ముందుగా చురుకు చేసేది వైరస్ ఎంజైమే, అందుకే మామూలు కణాలు చాలావరకు క్షేమం. కానీ సిరలోకి గబగబా ఎక్కిస్తే మూత్రపిండ నాళికల్లో స్ఫటికాలు కడుతుంది. కనీసం గంటసేపు ఎక్కించాలి, ఒంట్లో నీరు తగ్గకూడదు, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్‌ను బట్టి మోతాదు తగ్గించాలి.

ఇలాంటి మందుల మీదున్నవారికి వికారం, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే అదేరోజు డాక్టర్‌కు చూపించి లాక్టేట్ పరీక్ష గురించి అడగాలి. హెపటైటిస్ బి మందును మాత్రం సొంతంగా ఆపొద్దు, జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టొచ్చు.